నలభై బారల గెడ్డ

ఎనిమిదిన్నరకి అంగన్‌వాడీ తాళం తీయడం, రెండు గదులూ వరండా తుడవడం, పప్పు కడిగి కుక్కర్లో పడేయడం, గుడ్లు నీళ్ళల్లో వేసి స్టవ్వు వెలిగించడం చిన్నతల్లి పనులు. ఆయా ఉద్యోగం. పాతికేళ్ళుగా చేస్తోంది. చెయ్యమన్న పనల్లా చేస్తుంది గాని నోరు మూసుకుని చెయ్యమంటే మాత్రం ఆవిడ వల్ల కాదు. పప్పుతో మాట్లాడుతుంది. కుక్కర్‌ని తిడుతుంది. పగిలిన గుడ్డు కనిపిస్తే, "నీకేటొచ్చినాదే, అందరూ బాగున్నారు గదా?" అని నిలదీస్తుంది. టీచరు దుర్గాభవాని ఆ వేళకి పిల్లల ఫొటోలు ఫోనులో ఎక్కించడానికి సిగ్నలు వెతుక్కుంటూ వాటర్ ట్యాంకు మెట్ల మీద నిలబడి ఉంటుంది. కాబట్టి చిన్నతల్లి మాటలు వినేవాళ్ళు ఆ పన్నెండుమంది పిల్లలే. వాళ్ళు వింటారు, మారు పలకరు.

చోడివలసలో పిల్లలు అంతే. చీపురుపల్లిలో ఆటో ఎక్కితే ముప్పావు గంటలో వచ్చే ఊరు అది. కొత్తగా ఎవరొచ్చినా ముందు అడిగేది, "మీ పిల్లలేంటి ఇంత బుద్ధిమంతులు?" అనే. బుద్ధీ కాదు, మంతమూ కాదు. ఇంట్లో వాళ్ళతో ఎవరూ మాట్లాడరు, అంతే సంగతి.

ఊరికీ బడికీ మధ్య ఒక గెడ్డ, చిన్న వాగు, పారుతుంది. పొలం పనులకెళ్ళే పెద్దవాళ్ళకి మోకాలి లోతు నీళ్ళు, పది అంగలు. పలక పట్టుకుని బడికెళ్ళే పిల్లలకి మాత్రం ఎవరి గెడ్డ వాళ్ళది. జగన్నాధం మాస్టారి మనవరాలు విశాలికి ఒక్క గెంతు. కిరాణా కొట్టు గిరిబాబు కొడుక్కి అయిదు బారలు. పొద్దున్నే ఊడుపులకీ కోతలకీ వెళ్ళిపోయేవాళ్ళ పిల్లలకి ముప్ఫై, నలభై. అంత దూరం నుంచి చూస్తే బడి జెండా కర్ర అగ్గిపుల్లంత ఉంటుంది. వాళ్ళని జోగయ్య తన రెండు తాటిదోనెల్లో దాటిస్తాడు. దాటేసరికి ప్రార్థన అయిపోతుంది, మొదటి పాఠం అయిపోతుంది. సాయంత్రం ఇవతలికొచ్చేసరికి ఆట అయిపోతుంది. మూడో తరగతికల్లా సగంమంది గట్టు మీదే ఆగిపోయి మేకల్ని చూసుకుంటారు.

ఇందులో ఎవరికీ వింత లేదు. జూన్‌లో బడి తెరిచే రోజున కొత్త పిల్లల్ని గట్టు మీద వరసగా నిలబెట్టి ఎవరి గెడ్డ ఎంతో జోగయ్య మోకు పట్టి కొలుస్తాడు. "మా గుంటకి ముప్పయ్యారమ్మా" అని తల్లులు కూతుళ్ళ చెప్పు సైజు చెప్పినట్టు చెప్పుకుంటారు. ఎంత పెద్దవాళ్ళైనా చేతిలోకి పలక తీసుకుంటే వాళ్ళ చిన్ననాటి గెడ్డే మళ్ళీ ఎదురొస్తుంది గనక, చోడివలసలో తల్లిదండ్రులు పిల్లల పలక మొయ్యరు. ఎవరి పలక వాళ్ళే మోసుకోవాలి. రెండేళ్ళ కిందట పంచాయితీవాళ్ళు ముప్ఫై అడుగుల వంతెన కట్టించి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు కూడా దిగారు. ఆ వంతెన విశాలికి అక్కర్లేదు. మిగతా పిల్లలకి చాలదు, నీళ్ళ మధ్యలో ఆగిపోతుంది. ఇప్పుడు దాని మీద పిడకలు ఎండబెట్టుకుంటున్నారు.

చిన్నతల్లి కూడా ఆరేళ్ళప్పుడు పలక పట్టుకుని ఆ గట్టు మీద నిలబడింది. నలభై బారలు. మూడు రోజులు దోనెలో వెళ్ళింది. నాలుగో రోజు వాళ్ళమ్మ, "నువ్వు దాటొచ్చేసరికి నాను కోతకెప్పుడెల్లాలే?" అని తమ్ముణ్ణి చిన్నతల్లి చంకకెత్తింది. ఆ పలక తరవాత ఉప్పు డబ్బా మీద మూతయింది. ఆ మూత తీసినప్పుడల్లా చిన్నతల్లికి ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఒక ఏడాది ఊడుపుల రోజుల్లో, మధ్యాహ్నం పిల్లలంతా చాప మీద నిద్రపోతున్నారు. గౌరి ఒక్కర్తే పడుకోలేదు. ట్రాక్టరు నడిపే ఎల్లాజీ కూతురు, నాలుగో ఏడు నడుస్తోంది, ఇంతవరకూ ఒక్క మాట లేదు. దాన్ని ఒంటరిగా వదల్లేక, అంట్లగంప నెత్తిన పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని చిన్నతల్లి గెడ్డకి వెళ్ళింది. గట్టెక్కి చూస్తే ఎదురుగా సముద్రమంత నీళ్ళు. చంకలో ఎవరి పిల్ల ఉంటే ఆ పిల్ల గెడ్డే కనిపిస్తుంది మరి.

"ఓలమ్మో! నా గెడ్డకంటే నీదే పెద్దదిలాగున్నాదే" అంది చిన్నతల్లి. కిందకి దింపినా గౌరి ఆవిడ చెంగు వదల్లేదు. చెంగు పట్టుకుని ఉన్నంతసేపూ ఆ గెడ్డ అలాగే ఉంది.

ఊరుకుంటే చిన్నతల్లి ఎందుకవుతుంది? బూడిద తీసి తోమడం మొదలెట్టి, అలవాటు చొప్పున నోరు విప్పింది. "ఇదేటి? గరిట. పప్పొడ్డించే గరిట. దీని కాడ సూడు, ఒంకరైపోనాది. ఎవులొంచినారనుకున్నావు? మీ అయ్యే. నీయంతున్నప్పుడు దీంతో మేకపిల్లని తరిమినాడు. ఇది బేసిను. దీనికి అడుగున సొట్ట. ఏలంటే టీచరమ్మ ఫోను సూసుకుంటూ తన్నీసినాది. నవ్వవేటి? నవ్వొచ్చినప్పుడు నవ్వాల."

గౌరి గరిట వైపు చూసింది. చిన్నతల్లి నోటి వైపు చూసింది. మళ్ళీ గరిట వైపు చూసింది. నాలుగో గిన్నె కడిగి చిన్నతల్లి తలెత్తేసరికి, వచ్చినప్పుడు అవతలి గట్టుకి మూరెడు ఇవతల నీళ్ళలో ఉన్న నల్లబండ ఇప్పుడు గట్టుకి ఆనుకుని ఉంది. బండ కదల్లేదు. గట్టే ఇటు వచ్చింది.

చిన్నతల్లి గరిట కింద పడేసింది.

మర్నాడు పరీక్ష పెట్టింది. పళ్ళు బిగించుకుని, ఒక్క మాట మాట్లాడకుండా అంట్లు తోమింది. ప్రాణం పోయినంత పనైంది గాని తోమింది. గట్టు కదల్లేదు. ఆ మర్నాడు రెండింతలు మాట్లాడింది. అడిగింది, ఎదురుచూసింది, గౌరి వేలు చూపిస్తే దాని పేరు చెప్పింది. గట్టు మూరెడు జరిగింది. దసరా వెళ్ళేసరికి గౌరి "గరిట" అంది. దీపావళికి, "అదేటి?" అంది. ఇంక ఆగలేదు. అదేటి, ఇదేటి, అదేల, ఇదేల. మిగతా పిల్లలు కూడా చెంగు పట్టుకోడానికి కొట్టుకోవడం మొదలెట్టారు. దుర్గాభవాని ట్యాంకు మెట్ల మీంచి దిగొచ్చి, "ఆయమ్మా, ఏటిదంతా? సంతలాగున్నాది!" అంది. "సంతలోనే గదమ్మా సరుకు దొరుకుతాది" అంది చిన్నతల్లి.

ఆ "అదేటి" ఒకనాడు ఎల్లాజీ చెవిన పడింది.

మర్నాడు ట్రాక్టరు అంగన్‌వాడీ ముందు ఆపి, చెప్పులతోనే లోపలికొచ్చాడు. "అత్తా! నా పిల్లకి నీ యాస అంటించినావా?"

"అంటించడానికి అదేటి, గజ్జి రోగమా?"

"నవ్వులాట కాదు. నాలుగేళ్ళు నోరు కట్టుకున్నాం నానూ నా పెళ్ళాం. పిల్ల ముందర ఒక్క మాట ఆడనేదు. మన మాట దానికి అంటకుండా ఉంటే సాలు, బడిలో మంచి మాట నేర్పుతారని. అంతా మట్టిలో కలిపీసినావు."

ఎల్లాజీ కోపం ఊరికే పుట్టింది కాదు. పట్నంలో కాలేజీకి వెళ్ళిన మొదటి వారం, లెక్చరరు ఏదో అడిగితే వినపడక లేచి, "ఏటండీ?" అన్నాడు. క్లాసు క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి అతని పేరు పోయి "ఏటండీ" మిగిలింది. హాస్టల్లో, మెస్సులో, బస్టాండులో అదే. పరీక్షలు రాయకుండా వచ్చేశాడు. అతనొక్కడే కాదు, చోడివలసలో ఆ వయసువాళ్ళందరికీ అలాంటి నవ్వొకటి వీపు మీద ఉంది. అందుకని ఊరు ఊరంతా కూడబలుక్కున్నట్టు పిల్లల ముందు నోళ్ళు కుట్టేసుకుంది. వెనకటి రోజుల్లో పెద్దలకి మాట్లాడే తీరిక లేదు. ఇప్పుడు తీరిక ఉంది, ఫోను కూడా ఉంది. పిల్ల చేతికి ఫోనిచ్చి తాము గోడ వైపు తిరిగి కూచుంటున్నారు. ప్రేమ లేక కాదు. ప్రేమ కొద్దీ చేసిన పొరపాటే ఇది, అందుకే ఇంత గట్టిగా పట్టుకుంది.

"ఇంక పంపను. కాన్వెంటులో ఏస్తాను. వ్యానొస్తాది" అని గౌరిని భుజానేసుకున్నాడు.

"ఆ వ్యానూ గెడ్డ అవతలే గదరా ఆగుతాది!" అని చిన్నతల్లి అరిచింది. ట్రాక్టరు మోతలో అతనికి వినపడలేదు.

సాయంత్రం చిన్నతల్లి జగన్నాధం మాస్టారి ఇంటికి వెళ్ళింది. ఆయన బడికి హెడ్మాస్టరు. తాత తండ్రుల నుంచి చదువు చెప్పుకునే ఇల్లు. "మీరొక మాట సెప్తే ఎల్లాజీ ఇంటాడు బాబూ" అంది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను చిన్నతల్లీ. ఎవరి గెడ్డ వాళ్ళది. పుట్టుకతో వచ్చేదాన్ని నువ్వూ నేనూ మారుస్తామా?" అన్నారు.

"పుట్టుకా?" చిన్నతల్లి గొంతు లేచింది. "తెల్లారి అంగన్‌వాడీకెల్లకముందు మీ ఇంట్లో ఆరేళ్ళు అంట్లు తోమినాను. ఇశాలమ్మ పుట్టిన పదకొండో రోజు నించి నరసమ్మగారు కాళ్ళమీద పడుకోబెట్టుకుని నీళ్ళోస్తా ఎన్ని మాటలాడేవోరు! సెవికి నూనె రాస్తే సెవి కత, ముక్కు నొక్కితే ముక్కు కత. మీరు ఒళ్ళో కూకోబెట్టుకుని పేపరు సదివీవోరు, దానికేటి తెలుస్తాదని ఎవులూ అననేదు. నాను నూతికాడ కూకుని అన్నీ ఇన్నాను. మీ గెడ్డని మీరు రోజుకింత పూడ్సుకున్నారు. మా పిల్లలకేమో పుట్టుకంతారా?"

మాస్టారి భార్య నరసమ్మగారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. మాస్టారు తుడిచిన కళ్ళజోడే మళ్ళీ తుడిచారు.  చిన్నతల్లి వచ్చేసింది, నమస్కారం కూడా పెట్టలేదు.

ఆ మర్నాటి నుంచి అంగన్‌వాడీ తాళం వేయగానే ఆవిడ ఎల్లాజీ ఇంటి ఎదర, వీధిలో, పీట వేసుకుని కూచోవడం మొదలెట్టింది. ఇంట్లోకి అడుగు పెట్టలేదు. గౌరిని పిలవలేదు. వీధిన పోయే కోళ్ళతో మాట్లాడింది. "ఎక్కడికే, పుంజుగారూ, అంత తొందర? మీ యావిడ గుడ్డెట్టినాదా? ఏ రంగు గుడ్డు?" లోపల ఫోనులో బొమ్మలు ఇంగ్లీషులో గెంతుతూనే ఉండేవి. గౌరి మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది.

"అత్తా, లేస్తావా, నేదా?" అని ఎల్లాజీ పదో రోజున బయటికొచ్చాడు.

"లేవను. ఈది పంచాయితీది, నోరు నాది, కోడి గిరిబాబుది. నీదేటున్నాది ఇక్కడ?"

"నా పిల్లున్నాది."

"ఉన్నాదా? మరి దాన్తో ఒక్క మాటాడి సూపించు. లేసి ఎల్లిపోతాను."

చుట్టుపక్కల గుమ్మాల్లో జనం చేరారు. ఎల్లాజీ కోళ్ళని అదిలించాడు. అప్పుడు అతని భార్య జగదీశ్వరి లోపల్నించి పిల్లని ఎత్తుకుని వచ్చి, అతని చంకలో పెట్టింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాను కొంగు నోట్లో కుక్కుకుని జోలపాడినాను నాలుగేళ్ళు. నావల్ల కాదింక. ఎల్లి గెడ్డ సూసి రండి" అంది.

వెళ్ళారు. ముందు చిన్నతల్లి, వెనక ఎల్లాజీ, ఆ వెనక సగం వీధి. గౌరిని ఎత్తుకుని గట్టెక్కిన ఎల్లాజీ అక్కడే నిలబడిపోయాడు. గెడ్డ మళ్ళీ సాగిపోయింది. దీపావళికి నల్లబండ దాటి ఇవతలికి వచ్చిన గట్టు ఇప్పుడు ఎక్కడో మసకమసగ్గా ఉంది.

"ఇది కదలదని నువ్వనుకుంతన్నావు" అంది చిన్నతల్లి. "పన్నెండు బారలకి తెచ్చినాను దీన్ని. పది రోజుల్లో నువ్వు మళ్ళీ ముప్పైకి తోసీసినావు. నీ ఫోను ఈ పది రోజులూ వాగినా దీనికి జానెడు తగ్గనేదు. అది అడిగితే ఫోను పలకదు గదరా. మాటాడు."

"ఏటి మాటాడమంతావు అత్తా? నాకేటీ రాదు."  ఎల్లాజీ అంత మనిషి, బురదలో దిగబడిన ట్రాక్టర్ని ఒంటి చేత్తో లాగేవాడు, నాలుగేళ్ళ పిల్ల మొహంలోకి చూడలేక నీళ్ళవైపు చూశాడు. నీళ్ళలో ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఎవరికీ వినపడకూడదన్నట్టు, పిల్ల చెవిలో అన్నాడు. "అదేటి?"

గౌరి చటుక్కున తండ్రి మొహం రెండు చేతులా పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆ గొంతు అంత దగ్గరగా వినడం దానికదే మొదలు. "కొంగ" అంది. తరవాత అరిచింది. "కొంగ! అయ్యా, అదేటి సేస్తన్నాది?"

"సేపకోసం... సేపకోసం సూస్తన్నాది."

"ఏల?"

"ఆకలేసి."

"ఏల?"

"నీకెందుకేస్తాదో దానికీ అందుకే" అన్నాడు ఎల్లాజీ. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ దాచుకోలేకపోయాడు. నలుగురి ముందు నవ్వు పాలైన మాటే ఇప్పుడు నలుగురి ముందూ అతని నోట్లోంచి ఆగకుండా వస్తోంది. అవతలి గట్టు ఒక బార ఇటు జరిగింది.  చూసినవాళ్ళంతా ఎవరి పిల్లని తెచ్చుకోడానికి వాళ్ళు ఇళ్ళకి పరిగెత్తారు.

ఆ తరవాత చోడివలస వాగుడు మొదలెట్టింది. ఊడుపు మడిలో, గట్టున కట్టిన ఉయ్యాలకి వినపడేలా ఆడవాళ్ళు అరుచుకుంటూ మాట్లాడారు. గిరిబాబు చింతపండు తూస్తూ దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. జగదీశ్వరి ఆరు బయట, గొంతెత్తి జోల పాడింది. పనిలో అలిసిపోయి మాట్లాడలేని రోజులు కూడా ఉండేవి. అలాంటప్పుడు పిల్లల్ని చిన్నతల్లి చెంగుకి అప్పగించేవారు. బడిలో ఉన్న పెద్దపిల్లల గెడ్డ కూడా తగ్గింది గాని, చిన్నపిల్లలంత జోరుగా తగ్గలేదు. అది తలుచుకుంటే చిన్నతల్లికి మళ్ళీ ఉప్పు డబ్బా మూత గుర్తొచ్చేది, ఇంకాస్త గట్టిగా మాట్లాడేది.

రెండో ఏడు జూన్ వచ్చింది. గట్టు మీద ఏడుగురు కొత్త పిల్లలు, ఏడు పలకలు. జోగయ్య మోకు పట్టుకుని వచ్చాడు. మోకు విప్పే పని పడలేదు. అయిదుగురికి గెంతుడు గెడ్డ. ఇద్దరికి మూడేసి అంగలు. గౌరి వంతు వచ్చేసరికి అది కొలతకి ఆగలేదు. "అవ్వా, అదేటి, ఇంత సిన్నదా?" అని చిన్నతల్లిని అడిగి, జవాబు వినకుండా గెంతేసి, బడి వైపు పరిగెత్తింది. వెనకాలే ఎల్లాజీ. పలక మాత్రం గట్టు మీదే ఉండిపోయింది.

"ఓసి నీ దుంప తెగ!" అని చిన్నతల్లి ఆ పలక అందుకుని పరుగు తీసింది.

బడి గుమ్మం దగ్గర ఎల్లాజీ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల జగన్నాధం మాస్టారు కొత్త పిల్లల పేర్లు అడుగుతున్నారు.

"నీ పేరేమిటమ్మా?"

"గౌరి. మరి నీ పేరేటి?"

 ఎల్లాజీ కళ్ళు మూసుకున్నాడు. పట్నంలో విన్న నవ్వు ఇప్పుడు వస్తుందని, ఈసారి తన పిల్ల మీద పడుతుందని అతనికి తెలుసు. వస్తే ఏం చెయ్యాలో అతని వెనకే వచ్చి చేరిన చిన్నతల్లికి తెలుసు. మాస్టారైనా సరే, ఎవరైనా సరే, చేతిలో ఉన్నది చెక్క పలక.

మాస్టారు కళ్ళజోడు తీశారు. ఈసారి తుడవలేదు. "జగన్నాధం" అన్నారు. "ముప్ఫై రెండేళ్ళుగా అడగడమే గాని, నా పేరు ఈ గదిలో ఎవరూ అడగలేదమ్మా" అన్నారు.

"బాగున్నాది" అంది గౌరి, ముందు వరసలో కూచుంటూ.

ఎవరూ నవ్వలేదు. నిజానికి విశాలి నవ్వింది గాని, అది తన పక్కన చోటిస్తూ నవ్విన నవ్వు. ఎల్లాజీ కళ్ళు తెరిచాడు. చిన్నతల్లి పలకని కిటికీలోంచి అందించబోతే గౌరి, "రెండున్నాయి అవ్వా, సంచీలో కొత్తది. అది నీకే" అంది.

అలా పలకతోనే వెనక్కి తిరిగి, దారిపొడుగునా తనలో తను మాట్లాడుకుంటూ ఊరి వైపు గట్టెక్కింది చిన్నతల్లి. దోనె పక్కన చుట్ట కాలుస్తూ కూచున్న జోగయ్య ఆవిడ చేతివైపు చూశాడు.

"ఏటే, దాటించమని నన్ను పిలవనేదు? సేతిలో పలకుంది గదా. నీది నలబై బారలు. నానే కొలిసినాను."

చిన్నతల్లి పలక చూసుకుంది. వెనక్కి తిరిగి గెడ్డ చూసింది. కాళ్ళ దగ్గర, మట్టి తడి చేసుకుంటూ సన్నగా పారుతోంది. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దాటింది. ఎప్పుడు దాటిందో కూడా గుర్తులేదు. యాభయ్యేళ్ళు దగ్గర పడుతున్న ఆ మనిషి కాసేపు నోటమాట లేకుండా నిలబడింది. చోడివలసలో ఆవిణ్ణి అలా చూసింది జోగయ్య ఒక్కడే.

"మావా, ఇంకా ఎంతమందున్నారు నీ దోనెకి?" అంది చివరికి.

"నలుగురు. పెద్ద తరగతులోళ్ళు."

"వాళ్ళకి ఒక దోనె సాలు. రెండోది ఇలాగిచ్చీయి, బోర్లించీయి" అంది చిన్నతల్లి, పలకని చంకలో బిగించుకుంటూ. "దానిమీద కూకుని అంట్లు తోముకుంటాను."